చిన్నాయన కేకను మింగేసిన చిప్

డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం ఇంకా చేతికి రాని ఆ రోజుల్లో మనిషికి ఉండేంత తెలివి మళ్ళీ జీవితంలో ఎప్పుడూ ఉండదనుకుంటాను. నాకు తెలియని విషయమంటూ ఒకటుందని అప్పట్లో నాకు తెలియదు. ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ పూర్తిచేసి ప్రొద్దుటూరులో ఇంట్లో కూర్చుని ఉండేదాన్ని. వీధిలో ఎవరి మిక్సీ ఆగిపోయినా, ఎవరి టీవీలో గీతలు వచ్చినా నన్నే పిలిచేవాళ్ళు. నేను వెళ్ళి, స్క్రూలు విప్పి, లోపలికి తొంగిచూసి, "ఇది బోర్డు సమస్య" అని గంభీరంగా చెప్పి, స్క్రూలు బిగించి వచ్చేసేదాన్ని. (బోర్డు లేని వస్తువంటూ ఇప్పుడు ఇంట్లో లేదు కాబట్టి ఆ మాటను కాదనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.) మైక్రోప్రాసెసర్, మైక్రోకంట్రోలర్, డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్, ఈ మూడింటికీ తేడాలు రాయమని పరీక్షలో ప్రశ్న వస్తే, మూడు గళ్ళ పట్టిక గీసి, స్కేలు పెట్టి అడ్డగీతలు కూడా కొట్టి, మార్కులన్నీ తెచ్చుకున్న ఘనురాలిని. ఆ పట్టికలో నేను రాసినదానికి అర్థమేమిటో మాత్రం చదువైపోయాక మా చిన్నాయన వల్ల తెలిసింది.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. ఎరువుల అంగట్లో గుమాస్తా. అంగట్లో ఉన్నంతసేపూ ఆయన గొంతు పక్కవాడికి కూడా వినపడేది కాదు. కానీ తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు జరిగేచోట ఆయన చేతికి మైకు ఇచ్చి చూడాలి. ఎద్దుల జతకు ఒక పెద్ద రాతిబండ కట్టి, ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగుతాయో చూసే పోటీ అది. ఏ ఊరి ఎద్దులు, ఎవరి ఎద్దులు, ఎన్నో చుట్టు, ఎంత సమయం మిగిలింది, ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా చెబుతూ చిన్నాయన జనాన్ని ఊపేసేవాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన 'మైకు మామ'. మిగతావాళ్ళలాగా స్టేజీ మీద కూర్చుని చెప్పడం ఆయనకు చేతకాదు. పంచె ఎగ్గట్టి, వైరు లేని మైకు పట్టుకుని, ఎద్దుల పక్కనే ఆ దుమ్ములో పరుగెత్తేవాడు. చివర్లో, సమయం అయిపోవస్తూ, ఎద్దుల కాళ్ళు మడతపడుతున్నప్పుడు, ఆకాశం వైపు తలెత్తి "హో...య్" అని ఒక కేక పెట్టేవాడు. ఒకే గుక్కలో, ఒకే స్థాయిలో, సన్నగా, పొడుగ్గా సాగేదా కేక. దానికి ఎద్దులు ఎక్కడ దాచుకున్న బలమో తీసి మరో నాలుగడుగులు లాగేవి. మైకు మామ కేక ముందు చెర్నాకోల దండగని ఎద్దులు తోలేవాళ్ళే చెప్పుకునేవాళ్ళు. ఆ కేకను ఆయన ఎద్దులకు తప్ప ఇంకెవరికీ వినిపించేవాడు కాదు. ఇంట్లో మేము ఎంత బతిమాలినా, "అది ఎద్దుల సొమ్ము పాపా, ఈడ ఖర్చు పెట్టగూడదు" అనేవాడు.

వచ్చిన చిక్కల్లా ఆ పరుగుతోనే. మైకు పట్టుకుని లౌడ్‌స్పీకర్ హారన్ ముందరికి వెళితే, హారన్లోంచి వచ్చిన శబ్దమే మళ్ళీ మైకులో దూరుతుంది. అది ఇంకా పెద్దదై హారన్లోంచి వస్తుంది, మళ్ళీ మైకులో దూరుతుంది. అలా తిరిగి తిరిగి చెవులు చిల్లులు పడేలా 'కూ' అని కూత పెడుతుంది. పెళ్ళిళ్ళలో అందరమూ విన్నదే. పెళ్ళిలో అయితే చెవులు మూసుకుంటాం. పులివెందుల తిరునాళ్ళలో మాత్రం, సింహాద్రిపురం జత అందరికంటే ముందున్న సమయంలో, చిన్నాయన సరిగ్గా హారన్ ఎదురుగా వెళ్ళాడు. మైకు కూసింది. బెదిరిపోయిన ఎద్దులు సున్నపు గీత దాటి, బండతో సహా చెరుకురసం బండి వైపు తిరిగాయి. మనుషులకు ఏమీ కాలేదు. చెరుకురసం మాత్రం ఆ రోజు నేల తాగింది. ఎద్దుల ఆసామి చిన్నాయన మీదికి కొట్టడానికే వచ్చాడు.

ఆ పోటీలు చూడటానికి జమ్మలమడుగు కమిటీ పెద్దాయన కూడా వచ్చి ఉన్నాడు. ఆయన గొడవంతా సద్దుమణిగాక నింపాదిగా వచ్చి, "ఏమప్పా మైకు మామా, ఎద్దులు ఏం పాపం జేసినాయి? వచ్చే నెల మా జమ్మలమడుగులో ఇట్లే కూసిందంటే ఇంగ నీకు మైకియ్యం. కర్నూలు దిక్కు పిల్లోడొకడుండాడు, కుర్చీలో నుంచి లెయ్యకుండా చెప్తాడంట. వాణ్ణే పిలుచ్చుకుంటాం" అన్నాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాక చిన్నాయన నా వైపు తిరిగి, "కూర్చోని చెప్పేదానికి అవేమన్నా వార్తలా పాపా?" అని అడిగాడు. ముద్ద కలిపాడే గానీ తినలేదు. అంగట్లో వినపడని గొంతుతో ఏడాదంతా బతికే మనిషికి ఆ మైకు ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. నాకు చాలా బాధేసింది.

మైకు సెట్టు యజమానిని మేమంతా 'సెట్టు బాయి' అంటాం. కువైట్‌లో చాలాకాలం డ్రైవరుగా పనిచేసి, వస్తూ వస్తూ ఒక పెద్ద సౌండు మిక్సర్ తెచ్చుకుని, ప్రొద్దుటూరులో అంగడి పెట్టుకున్నాడు. చిన్నాయనకు ప్రాణస్నేహితుడు. మర్నాడు ఆయనే వచ్చి, "భాయ్, నువ్వు హారన్ ముందరికి పోవద్దు. అంతే, ఇంగ కూయదు" అన్నాడు. "ఎద్దు యాడికి పోతే నేను ఆడికి పోవల్ల. నాకు గాదు, ఎద్దుకు చెప్పు" అన్నాడు చిన్నాయన. ఇద్దరూ ముఖాలు తిప్పుకుని కూర్చున్నారు. ఆ సమయంలో నేను, నా జేబులో డిగ్రీ ఉందన్న ధైర్యంతో, "ఎద్దులకూ చెప్పొద్దు, చిన్నాయనకూ చెప్పొద్దు. కూతను పట్టుకుని కోసేసే మెషీన్ నేను చేస్తా" అన్నాను. ఇద్దరూ నా వైపు తిరిగారు. చిన్నాయన ముఖంలో వెలుగు చూసి నేనే భయపడ్డాను.

నా ఆలోచన మరీ తెలివితక్కువదేమీ కాదు. కూత అంటే ఒకే స్వరం. మాటలో అనేక స్వరాలు కలిసి, క్షణక్షణానికీ మారుతుంటాయి. కూత మాత్రం మారకుండా ఒకేచోట నిలబడి పెరుగుతుంది. అలా నిలబడి పెరిగే స్వరం ఏదో కనిపెట్టి, దాన్నొక్కటే కోసేస్తే, మాట మిగులుతుంది, కూత పోతుంది. దానికి మైకులోంచి వచ్చే శబ్దాన్ని అంకెలుగా మార్చి, లెక్క చేసి, మళ్ళీ శబ్దంగా మార్చి హారన్‌కు పంపాలి. లెక్కలు చేయడానికి ఇంట్లో నా ల్యాప్‌టాప్ ఉండనే ఉంది. దాని మైక్రోప్రాసెసర్ ఎంత గొప్పదో కొన్న రోజు అంగడివాడు అరగంట చెప్పాడు. రెండు రోజులు కూర్చుని ప్రోగ్రాం తయారుచేసి, మిద్దె మీద మైకు, ల్యాప్‌టాప్, వీధి వైపు తిప్పిన హారన్ బిగించి, చిన్నాయన చేతికి మైకిచ్చాను. వీధి వీధంతా చూడటానికి వచ్చింది. చిన్నాయన గొంతు సవరించుకుని, అలవాటైన వేగంతో అందుకున్నాడు. "జమ్మలమడుగు పుర ప్రజలకు..." అన్నాడో లేదో, హారన్ "జమ్మలమడుగు" అంది. చిన్నాయన ఉలిక్కిపడ్డాడు. "పుర... పుర... ప్ర... ప్రజ..." అన్నాడు. ఆయన ఎంత సర్దుకుని మాట్లాడబోతే నాలుక అంత మడతపడింది. జిల్లాలో ఆయనంత వేగంగా మాట్లాడేవాళ్ళు లేరని పేరున్న మనిషి, అక్షరాలు కొత్తగా నేర్చుకుంటున్న పిల్లవాడిలా ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ నిలబడ్డాడు. ఇంతలో ల్యాప్‌టాప్ నీలంగా మారి, అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు అంది. ఆపవద్దన్నారని చిన్నాయన మైకు పట్టుకుని భక్తిగా అలాగే నిలబడ్డాడు.

కిందికి దిగొచ్చి, గొంతు మీద చెయ్యి పెట్టుకుని, "పాపా, నా నోరు పాయ" అన్నాడు. మా చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య, అప్పటికే ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చింది. "మిద్దెక్కి అందరి కండ్లల్లో పడితే ఏమైతాది? దిష్టి గాకుండా ఇంకేందది?" అంటూ ఆయనకు చుట్టూ తిప్పింది. పనిలో పనిగా ల్యాప్‌టాప్‌కు కూడా తిప్పింది. నిజానికి జరిగిందేమిటంటే, మన మాట మన చెవికే కాస్త ఆలస్యంగా వినపడితే ఎంతటివాడికైనా నాలుక తడబడుతుంది. ల్యాప్‌టాప్ మందకొడిది కాదు. కానీ దానికి పనులు ఎక్కువ. తెర చూపించాలి, వైరస్‌లు వెతకాలి, ఎవరో పంపిన పండుగ శుభాకాంక్షలు అందుకోవాలి. అందుకని శబ్దాన్ని బకెట్టులో నీళ్ళలా పట్టుకుంటూ, నిండాక ఒకేసారి లెక్క చేస్తుంది. లెక్క కనురెప్పపాటులోనే అయిపోతుంది, కానీ బకెట్టు నిండాలి కదా. వేగంగా చేయడం వేరు, వేళకు చేయడం వేరు అన్న ముక్క నాలుగేళ్ళు చదివినా నాకు ఎక్కలేదు. (పట్టికలో మొదటి గడిలో దాన్నే ఇంగ్లీషులో రాసి మార్కు తెచ్చుకున్నాను.)

చిన్నాయన నోరు ఆ సాయంత్రానికే తిరిగొచ్చింది గానీ, ల్యాప్‌టాప్ అంటే మాత్రం ఆయనకు పడకుండా పోయింది. "దాన్ని నా గొంతు చాయలకు తేవాకు" అని గట్టిగా చెప్పాడు. నేను రెండో గడిలోకి దూకాను. మైలవరం దగ్గర మా బంధువుల చీనీ (బత్తాయి) తోటలో, కరెంటు రాగానే బోరు మోటారు దానంతట అదే వేసి, నీళ్ళు అయిపోతే ఆపేసే పెట్టె ఒకటి నా చదువులో భాగంగా బిగించాను. అందులో ఉండేది మైక్రోకంట్రోలర్. ప్రాసెసర్, జ్ఞాపకశక్తి, బయటి వైర్లు తగిలించే కాళ్ళు, అన్నీ ఒకే గోరంత చిప్‌లో ఉంటాయి. దానికి తెరా లేదు, అప్‌డేటూ లేదు, శుభాకాంక్షలూ రావు. కరెంటు తగలగానే లేస్తుంది, ఒక పని అప్పజెబితే కళ్ళు మూయకుండా కాపలా ఉంటుంది. ఆ కాపలా మనిషిని తెచ్చి, నా ప్రోగ్రాం అందులో కుక్కి, మళ్ళీ అందరినీ మిద్దె మీదికి పిలిచాను. ఈసారి ఆలస్యం లేదు. కానీ గొంతు చిన్నాయనది కాదు. బోరు గొట్టంలో పడ్డ మనిషెవరో గులకరాళ్ళు పుక్కిలిస్తూ మాట్లాడుతున్నట్టుంది. పక్కింటి అవ్వ గోడ మీంచి తొంగిచూసి, "ఎవురికి మే, అంత జబ్బు జేసింది?" అని అడిగింది. సెట్టు బాయి చెవిలో వేలు తిప్పుకుంటూ, "పాపా, ఈ సౌండు ఇంటే ఎద్దులు గాదు, షైతాన్లు గూడ పారిపోతాయి" అన్నాడు. పాపం, ఆ చిప్ తప్పేమీ లేదు. శబ్దం అంకెలు సెకనుకు వేలకు వేలు వస్తుంటాయి. ఒక అంకె వచ్చి, తర్వాతది వచ్చేలోపు బోలెడన్ని గుణకారాలూ కూడికలూ చేయాలి. మోటారు స్విచ్చి వేసే చిన్న ప్రాణానికి అన్ని ఎక్కడ తెమలుతాయి? అది సగం అంకెలు వదిలేసి, సగమే లెక్క చేస్తోంది. మిగిలిన సగమే ఆ గులకరాళ్ళ గొంతు.

ఇక మిగిలింది మూడో గడి. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్ బోర్డు ఒకటి మా కాలేజీ ల్యాబులో బీరువాలో ఉండేది. నాలుగేళ్ళలో దాన్ని మేము అద్దంలోంచి దర్శనం చేసుకున్నామే గానీ తాకలేదు. కాలేజీకెళ్ళి మా సారును అడిగితే, ఆయన అదిరిపడి, "అమ్మా, అది ఇన్‌స్పెక్షన్ వాళ్ళకు చూపించే బోర్డు. వాడితే పాడైపోతుంది" అన్నాడు. ఎద్దుల సంగతీ, చిన్నాయన సంగతీ పూసగుచ్చినట్టు చెప్పాను. సారు సొంతూరు పులివెందుల పక్కనే అట. మైకు మామ పేరు వినగానే మెత్తబడ్డాడు. "ఆ కవరుతో సహా తిరిగి తెచ్చివ్వాలి" అని షరతు పెట్టి బీరువా తాళం తీశాడు.

బోర్డు తెచ్చానని తెలిసి చిన్నమ్మకు మళ్ళీ బెంగ పట్టుకుంది. పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొడుతూ, "ఇదేం జేస్తాది మే? దీనికన్నా ఆయప్ప గొంతు మిగుల్తాదా?" అని అడిగింది. "ఇది ఒకటే పని చేస్తుంది చిన్నమ్మా. గుణిస్తుంది, కూడుతుంది. మళ్ళీ గుణిస్తుంది, కూడుతుంది. అంతే" అన్నాను. చిన్నమ్మ చెయ్యి ఆగింది. "అంతేనా? దీనికా నువ్వు నాలుగేండ్లు సదివింది?" అంది. నాకు పౌరుషమొచ్చింది. ఆమె రొట్టెలే చూపించి చెప్పాను. ఇంట్లో అన్ని పనులూ చేసే మనిషి రొట్టె కూడా చేస్తుంది, కానీ మధ్యలో తలుపు కొడితే లేచిపోతుంది. అది ల్యాప్‌టాప్. పాలు పొంగితే పొయ్యి ఆపమని కూర్చోబెట్టిన మనిషి అక్కణ్ణుంచి కదలదు, కానీ రొట్టెలు కొట్టమంటే చేయి తిరగదు. అది మోటారు పెట్టె. తిరునాళ్ళ అన్నదానంలో వరసగా రొట్టెలు కొట్టే మనిషి వేరు. ఎడమ పక్కనుంచి ముద్ద, కుడి పక్కనుంచి పిండి ఒకేసారి చేతికందుతాయి. పెనం మీద రొట్టె మాడేలోపు తర్వాతది సిద్ధంగా ఉంటుంది. ఇదీ అంతే. శబ్దం అంకె ఒక దారిలో, దాన్ని గుణించాల్సిన అంకె ఇంకో దారిలో ఒకేసారి అందుకుని, ఒకే దెబ్బకు గుణించి కూడేస్తుంది. తర్వాతి అంకె వచ్చేసరికి ఖాళీగా కూర్చుని ఉంటుంది. "మరి ఈ మాట ముందే చెప్తే మొదట్నే దీన్ని తెచ్చుకుంటాంటిమి గదా" అంది చిన్నమ్మ. ముందే నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

మూడోసారి మిద్దె ఎక్కినప్పుడు వీధిలో సగంమందే వచ్చారు. చిన్నాయన భయంభయంగా "హలో" అన్నాడు. హారన్లోంచి చిన్నాయనే "హలో" అన్నాడు, అప్పుడే, తేటగా. ఆయన వేగం పెంచాడు. నాలుక ఎక్కడా ఆగలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ హారన్ ముందరికి నడిచాడు. ఇంకా దగ్గరికి వెళ్ళాడు. చివరికి మైకు తీసుకెళ్ళి హారన్ నోట్లోనే పెట్టేశాడు. 'కూ' అనబోయి, గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. "గమ్మునుండాదే" అన్నాడు చిన్నాయన, చిన్నపిల్లాడిలా నవ్వుతూ. సెట్టు బాయి ఆనందం పట్టలేక నన్ను వదిలేసి బోర్డుకు సలాం చేశాడు. అంతా పరీక్షించామనుకున్నాం. ఒక్క కేక తప్ప. అది ఎద్దుల సొమ్ము కదా, మిద్దె మీద ఎలా ఖర్చు పెడతాడు?

జమ్మలమడుగు పోటీలు పెన్నకు ఆనుకున్న మైదానంలో. ఆటోలు, ట్రాక్టర్లు, యూట్యూబ్‌లో లైవ్ పెట్టే కుర్రాళ్ళు, మజ్జిగ కుండలు, ఎటు చూసినా జనం. బోర్డును ఖాళీ మిఠాయి డబ్బాలో బిగించి, సెట్టు బాయి బల్ల మీద పెట్టుకుని నేను కూర్చున్నాను. ల్యాప్‌టాప్ తెస్తానంటే చిన్నాయన ఒప్పుకోలేదు. మొదటి జత దిగింది. చిన్నాయన పంచె ఎగ్గట్టి పరుగందుకున్నాడు. హారన్ల ముందు, వెనక, కింద, ఎక్కడికెళ్ళినా ఒక్క కూత లేదు. కమిటీ పెద్దాయన నా వైపు చూసి తలూపాడు కూడా. నేను కాలు మీద కాలు వేసుకున్నాను. మొదటి జత సమయం అయిపోవస్తోంది. ఎద్దుల కాళ్ళు మడతపడుతున్నాయి. చిన్నాయన తలెత్తాడు. మెడ నరాలు ఉబ్బాయి. నోరు తెరుచుకుంది. హారన్లోంచి "హో" అన్న ముక్క మాత్రం వచ్చి, అక్కడితో తెగిపోయింది. నోరు తెరుచుకునే ఉంది, చెయ్యి పైకే ఉంది, హారన్లు మాత్రం మౌనవ్రతం పట్టాయి. ఎద్దులు చెవులు రిక్కించి, ఏమీ రాకపోయేసరికి నిలబడిపోయాయి. చిన్నాయన మైకు తట్టి "హలో, హలో" అన్నాడు. బ్రహ్మాండంగా వినపడింది.

రెండో జతకూ అదే జరిగింది. అప్పటికి నాకు సంగతి అర్థమైంది. ఒకే స్వరం, మారకుండా నిలబడి పెరిగే స్వరం ఏదొచ్చినా కోసెయ్యమని ఆ చిప్‌కు చెప్పింది నేనే. అది అరిచింది మైకా, మా చిన్నాయనా అని అడగదు. గుణించింది, కూడింది, కోసింది. ల్యాప్‌టాప్ ఉంటే ప్రోగ్రాం మార్చొచ్చు, అదేమో ప్రొద్దుటూరులో దిష్టి తీయించుకుని పడుకుని ఉంది. డబ్బా పీకేస్తే కేక వస్తుంది, దాంతోపాటు కూతా వస్తుంది. కూత వస్తే చిన్నాయన మైకు కర్నూలు దారి పడుతుంది. డబ్బా ఉంచితే కేక లేని మైకు మామను ఎవరు మాత్రం మళ్ళీ పిలుస్తారు? జత మారే మధ్యలో పరుగెత్తుకెళ్ళి చిన్నాయనకు అంతా చెప్పేశాను. ఆయన దుమ్ము కొట్టుకున్న ముఖంతో నన్నే చూస్తూ, "అంటే మెషీన్‌కు నా కేక కూత మాదిరి ఇనపడిందా?" అన్నాడు. "మనుషుల గొంతు అంత నిలకడగా ఉండదు కదా చిన్నాయనా. నీది ఎంతసేపైనా ఇసుమంత కూడా కదలదు. అందుకే అది మనిషి అనుకోలేదు" అన్నాను. "అంత నికరంగా పడతాండానా?" అన్నాడు. ఆ కంగారులోనూ ఆయన మీసం కింద చిన్న నవ్వు కనపడింది. "సరే పో. డబ్బా తియ్యాకు. ఎద్దులు బెదరగూడదు. కేక నా గొంతుతోనే పెడతా, పక్కనున్న ఎద్దుకన్నా ఇనపడ్తాది గదా" అని వెళ్ళిపోయాడు.

ఆఖరి జత కొండాపురం దిక్కునుంచి వచ్చింది. రిజర్వాయరు కింద ఊరు పోయి, కొత్త కాలనీకి మారినవాళ్ళు. ఇళ్ళు వదిలి వచ్చినా ఎద్దులను వదలని జనం. కాలనీ మొత్తం ట్రాక్టర్లలో దిగింది. వాళ్ళ జత బాగా లాగి, మొదటి స్థానానికి నాలుగు బారల దూరంలో మోకాళ్ళ మీదికి వచ్చేసింది. సమయం అయిపోతోంది. చిన్నాయన తలెత్తి నోరు తెరిచాడు. హారన్లు మళ్ళీ "హో" దగ్గర నోరు మూసుకున్నాయి. ఆయన ఉత్తగొంతు గీత పక్కనున్న నలుగురికి వినపడింది. పొద్దుణ్ణుంచి ఆ మూగకేక చూసి చూసి వాళ్ళకు ప్రాణం విసిగినట్టుంది. కాలనీ ముసలాయన ఒకడు, చేతికర్ర పైకెత్తి, మిగిలిన కేక తాను అందుకున్నాడు. పక్కవాళ్ళు అందుకున్నారు. ఆ కేక తెలియనివాళ్ళు ఆ మైదానంలో ఎవరున్నారు గనుక? నిప్పు అంటుకున్నట్టు మైదానం ఆ కొసనుంచి ఈ కొసదాకా "హో...య్" అంది. చిన్నాయన నోరు మూసి, ఆశ్చర్యంగా చుట్టూ చూసి, చేతిలో మైకును జనం వైపు తిప్పాడు. దీన్నీ కోసేస్తుందేమోనని నేను డబ్బా వైపు చూశాను. డబ్బాలో చిప్ ఆ శబ్దాన్ని అందుకుంది. ఆడా మగా, ముసలీ ముతకా, ఒక్కరి స్వరం ఇంకొకరితో కలవని వేల గొంతులు. అందులో నిలబడి పెరిగే ఒకే స్వరమంటూ దానికి దొరకలేదు. కోయడానికి ఏమీ లేక, మొత్తం వదిలేసింది. హారన్లన్నీ ఒక్కసారి జనం గొంతుతో మోగాయి. ఎద్దులు మోకాళ్ళ మీంచి లేచాయి. బండ కదిలింది. మొదటి స్థానానికి గుర్తుగా గీసిన గీతను దాటింది.

తర్వాత ఎవరు ఎవరిని ఎత్తుకుని తిప్పారో నాకు గుర్తులేదు. నేను ఏడుస్తున్నానని సెట్టు బాయి మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టాడు. కమిటీ పెద్దాయన జనాన్ని తోసుకుంటూ వచ్చి, "ఏమప్పా మైకు మామా, జనం చేత కేక ఏపిచ్చేది ఎప్పుడు నేర్చినావు? శానా బాగుండాది. వచ్చే ఏడూ నువ్వే రావల్ల" అన్నాడు. చిన్నాయన కళ్ళు కూడా ఆర్పకుండా, "కొత్తగా పెట్టినాం లేప్పా" అన్నాడు. నాకు మజ్జిగ పొలమారింది. బోర్డును కవరుతో సహా సారుకు తిరిగిచ్చాను. కవరులో కాస్త పెన్న దుమ్ము చేరింది, ఆయన చూసీ చూడనట్టు బీరువాలో పెట్టేశాడు. ఆ తర్వాత సెట్టు బాయి అలాంటిదే సొంతంగా కొన్నాడు.

కొన్నాళ్ళకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. చెవిలో పెట్టుకునే బుల్లి ఇయర్‌ఫోన్లలో బయటి రొద తగ్గించే ప్రోగ్రాంలు రాయడం నా పని. అవే చిప్‌లు, అవే గుణకారాలు, అవే కూడికలు. మొదటి సెలవుకు వస్తూ, చిన్నాయన కేకనూ మైకు కూతనూ విడదీసి గుర్తుపట్టే కొత్త ప్రోగ్రాం ఒకటి గర్వంగా రాసుకొచ్చి, సెట్టు బాయి డబ్బాలో ఎక్కించాను. ఆ తిరునాళ్ళలో కేక పొల్లుపోకుండా హారన్లలోంచి వచ్చింది. జనం నోరు మూసుకుని మర్యాదగా విన్నారు. అయ్యాక చప్పట్లు కొట్టారు. సాయంత్రం చిన్నాయన డబ్బా చంకన పెట్టుకుని నా దగ్గరికొచ్చి, "పాపా, దీనికి తెలివి ఎక్కువాయ. పాతదే పెట్టు" అన్నాడు. పెట్టాను. ఇప్పుడు యూట్యూబ్‌లో చూస్తుంటాను, ఆఖరి నిమిషంలో మైకు జనం వైపు తిప్పడం మా దిక్కు వ్యాఖ్యాతలందరికీ అలవాటైపోయింది. ఆ కర్నూలు అబ్బాయి కూడా కుర్చీలోంచి లేచి తిప్పుతున్నాడు.

ఈమధ్య జమ్మలమడుగు పోటీలకు మళ్ళీ వెళ్ళాను. చిన్నాయన ఇప్పుడు పరుగెత్తడం లేదు. ఎద్దుల వెనకాలే, వాటి దుమ్ములో, నెమ్మదిగా నడుస్తున్నాడు. ఆఖర్లో తలెత్తి "హో" అన్నాడు, అక్కడితో ఆపి, మైకు జనం వైపు తిప్పాడు. మైదానం మిగతాది అందుకుంది. నేను సెట్టు బాయి బల్ల పక్కన కూర్చుని ఉన్నాను. డబ్బా అక్కడే ఉంది గానీ, దాని మీద దీపం వెలగడం లేదు. "ఇంగ ఆయప్ప హారన్ల ముందరికి రాడు గదా పాపా. యాడాది నుంచీ అది తగిలియ్యడం ల్యా" అన్నాడు సెట్టు బాయి మెల్లగా. పోటీలు ముగిశాక చిన్నాయన వచ్చి, నా పక్కన కూలబడి, కండువాతో ముఖం తుడుచుకుని, డబ్బా వైపు వేలు చూపించాడు. "సూడు పాపా, ఇంగా మింగుతానే ఉండాది నా కేకను" అన్నాడు. పట్టికలు గీసిన ఆ పాత అమ్మాయి అయితే వెంటనే వెలగని దీపం చూపించి, మింగుతున్నది చిప్ కాదని సరిదిద్దేది. నేను డబ్బా దగ్గరికి జరిగి, మూత తీసి, లోపలికి తొంగిచూసి, "బోర్డు సమస్య చిన్నాయనా" అని గంభీరంగా చెప్పి మూత పెట్టేశాను.